చదువరి జాడ

రచయిత మీద నిఘా గురించి మన సాహిత్య చరిత్రలో కావలసినంత సమాచారం వుంది. ఏ పుస్తకాన్ని నిషేధించారు, ఏ అచ్చుకూటాన్ని సోదా చేశారు, ఎవరిని జైల్లో పెట్టారు అనేవి పరిశోధకులు శ్రమపడి సేకరించారు. చదువరి మీద నిఘా గురించి మాత్రం మనం రాసింది చాలా తక్కువ. దీన్ని అశ్రద్ధ అని సరిపెట్టటానికి వీల్లేదు. చాలాకాలం పాటు చదువరిని పట్టుకునే సాధనమే పాలకుల చేతిలో సరిగా లేదు. ఆ సాధనం గత ముప్ఫై ఏళ్లలో తయారయింది. తయారుచేసింది కూడా పోలీసులు కాదు, వ్యాపారులు. ఈ రెండు విషయాలనూ కలిపి చూడకపోతే, ఇవాళ ఇంటర్నెట్‌లో ఏదో వొకటి వెతికే ప్రతివాడికీ ఎదురయ్యే ప్రశ్న మనకు అర్థం కాదు.

1857 తిరుగుబాటు తరువాత పదేళ్లకు, 1867లో, ముద్రణాలయాల, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ప్రతి పుస్తకం మీదా అచ్చువేసినవాడి పేరు, అచ్చయిన చోటు వుండాలన్నారు. ప్రతులు ప్రభుత్వానికి ఇవ్వాలన్నారు. వాటి నుంచి మూడు నెలలకోసారి జాబితాలు తయారయ్యాయి. ఏ భాషలో ఏ పుస్తకం ఎన్ని ప్రతులు అచ్చయిందో దొరతనానికి తెలిసేది. నిఘా కోసం పుట్టిన ఆ జాబితాలే ఇవాళ సాహిత్య పరిశోధకుడికి ఆధారం కావటం చరిత్రలోని వింత వైరుధ్యాల్లో వొకటి. అయితే ఆ జాబితాలో లేనిది చదివినవాడి పేరు. 1922లో వెలువడిన ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నిషేధించిన పుస్తకం చేతిలో వుండగా దొరికితే దొరికినట్టు. చదివి పక్కవాడికి ఇచ్చేసినవాణ్ణి ఏ కాయితం పట్టిస్తుంది? నిజాం రాజ్యంలో గస్తీ నిషాన్ 53 సభలను కట్టడి చేసింది. సభకు అనుమతి కావాలి, ఉపన్యాసానికి అనుమతి కావాలి. కాని 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి చోట బల్ల ముందు కూర్చుని మౌనంగా చదువుకుని లేచిపోయినవాడి మనసులో ఏ ప్రశ్న తిరుగుతున్నదో కనిపెట్టే గస్తీ ఏదీ లేదు. పాలకులు చదువరిని దయతో వదిలిపెట్టారని కాదు. చదవటం అనే పని మరక మిగల్చదు, అంతే.

గ్రంథాలయం ఆ మరకను కొద్దిగా మిగిల్చింది. పుస్తకం ఇంటికిస్తే రిజిస్టరులో పేరు రాసుకోవాలి. ఈ రిజిస్టరు గురించి మొదట ఆందోళన పడింది శాసనసభలు కాదు, ఆ రిజిస్టరు రాసే ఉద్యోగులే. అమెరికా గ్రంథాలయ సంఘం 1939లోనే తన వృత్తి నియమావళిలో పాఠకుల గురించి తెలిసిన ఆంతరంగిక విషయాలను గ్రంథపాలకుడు బయటపెట్టగూడదని రాసుకుంది. 1970లో ఆ దేశపు పన్నుల శాఖ మనుషులు కొన్ని నగరాల గ్రంథాలయాలకు వెళ్లి, పేలుడు పదార్థాల మీద పుస్తకాలు ఎవరెవరు తీసుకెళ్లారో చూపమన్నారు. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా విశ్వవిద్యాలయాలు రగులుతున్న రోజులవి. సంఘం 1971లో, న్యాయస్థానం నుంచి సరైన ఉత్తర్వు లేనిదే రికార్డు చూపవద్దని స్పష్టమైన విధానం ప్రకటించింది. 1987లో కొలంబియా విశ్వవిద్యాలయపు గ్రంథాలయానికి ఎఫ్.బి.ఐ. వాళ్లు వెళ్లి విదేశీయులు ఏం చదువుతున్నారో చెప్పమన్నప్పుడు అక్కడి ఉద్యోగులు కాదన్నారు. విషయం పత్రికలకెక్కి, మరుసటి ఏడాది కాంగ్రెసులో విచారణ దాకా వెళ్లింది. నెలజీతం మీద బతికే గుమాస్తా స్థాయి మనుషులు ఒక రాజ్యాంగయంత్రానికి అడ్డం నిలబడ్డ ఈ కథ మన దగ్గర ఎవరూ పెద్దగా చెప్పుకోరు. చెప్పుకోవలసిన కథ.

గ్రంథాలయ రిజిస్టరుకూ, ఇంటర్నెట్ వెతుకులాట రికార్డుకూ పైకి పోలిక కనిపిస్తుంది. లోపల పొసగదు. రిజిస్టరు పుస్తకం తిరిగి రావటం కోసం. పుస్తకం వచ్చాక ఆ పేరుతో గ్రంథాలయానికి పనిలేదు, కొట్టివేయవచ్చు. వెతుకులాట రికార్డు సంగతి వేరు. నీ ప్రశ్నకు జవాబు ఇచ్చాకనే దాని అసలు పని మొదలవుతుంది.

ఈ యంత్రం పనిచేసే తీరు కొంచెం చూడాలి. మనం గూగుల్ పెట్టెలో నాలుగు మాటలు కొట్టగానే ఆ మాటలతో పాటు మనం ఏ కనెక్షన్ నుంచి అడుగుతున్నామో చెప్పే ఐపి అడ్రసు, తేదీ, సమయం, వాడుతున్న యంత్రం వివరాలు అవతలి సర్వరుకు చేరుతాయి. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లి అనే ఇంజనీరు ‘కుకీ’ అనే చిన్న చీటీని కనిపెట్టాడు. వెబ్‌సైటు మన యంత్రంలో దాచుకునే చీటీ అది. మళ్లీ వెళ్లినప్పుడు మనల్ని గుర్తుపట్టటానికి పనికొస్తుంది. కొట్టువాడు మన బుట్టలో సరుకులు గుర్తుంచుకోవాలి గదా అన్నది మొదటి ఉద్దేశం. తరువాత ప్రకటనల కంపెనీలు అదే చీటీతో మనిషి ఒక చోటు నుంచి ఇంకో చోటుకు పోతున్న దారంతా కూడబెట్టటం నేర్చాయి. 1998లో ఏర్పడ్డ గూగుల్ 2000లో, వెతికే మాటల పక్కన ప్రకటనలు అమ్మటం మొదలుపెట్టింది. ‘మోకాళ్ల నొప్పి’ అని కొట్టినవాడు మోకాళ్ల మందు అమ్మేవాడికి విలువైన సరుకు. మనిషి తన అవసరాన్ని తన నోటితో, అది పుట్టిన క్షణంలోనే చెప్పుకునే చోటు మార్కెట్టుకు అంతకుముందెన్నడూ దొరకలేదు. కాబట్టి రికార్డు దాచటం ఎవరి దుర్బుద్ధో కాదు, అది ఆ ఉత్పత్తి విధానంలోనే వుంది. ఈ లాగ్‌లలో పేర్లు కొన్నాళ్ల తరువాత మసకచేస్తామని గూగుల్ మొదటిసారి ప్రకటించింది 2007లో. అది కూడా 18 నుంచి 24 నెలల తరువాత.

ఆ ప్రకటనకు ముందు ఏడాది, 2006, ఈ చరిత్రలో మలుపు. ఆ జనవరిలో, పిల్లలను అశ్లీలం నుంచి కాపాడే చట్టం మీద నడుస్తున్న కేసులో తమ వాదనకు బలం కోసం అమెరికా న్యాయశాఖ, వెతుకులాటల నమూనా ఇమ్మని నాలుగు కంపెనీలను అడిగిన సంగతి బయటపడింది. మూడు కంపెనీలు ఎంతో కొంత ఇచ్చాయి. గూగుల్ కోర్టుకెక్కింది. మార్చిలో న్యాయమూర్తి యాభై వేల వెబ్ చిరునామాలు ఇమ్మన్నాడు గాని, జనం కొట్టిన ప్రశ్నలు ఇవ్వనక్కర్లేదన్నాడు. ప్రభుత్వం బలవంతంగా తీసుకోలేకపోయినదాన్ని ఆగస్టులో ఇంకొక కంపెనీ ఉచితంగా వీధిలో పోసింది.

ఆ కంపెనీ ఏ.ఓ.ఎల్. పరిశోధకులకు ఉపయోగపడుతుందని చెప్పి, సుమారు 6,50,000 మంది మూడు నెలల్లో చేసిన దాదాపు 2 కోట్ల వెతుకులాటలను అందరికీ అందుబాటులో పెట్టింది. పేర్లు తీసేశారు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క అంకె ఇచ్చారు. పేరు లేకపోతే మనిషి లేడనుకున్నారు. కొద్ది రోజుల్లోనే తప్పు తెలుసుకుని తీసేశారు గాని అప్పటికే ప్రతులు ప్రపంచమంతా పాకిపోయాయి. న్యూయార్క్ టైమ్స్ విలేకరులు ఇద్దరు ఒక అంకె వెంట నడిచారు. ఆ అంకె ఒక చిన్న ఊళ్లో తోటపని చేసేవాళ్ల కోసం వెతికింది, ఒక ఇంటిపేరు గలవాళ్ల కోసం వెతికింది, వేళ్ల తిమ్మిరి గురించి వెతికింది, ఎక్కడపడితే అక్కడ తడిపే కుక్క గురించి వెతికింది. వాటిని పేర్చుకుంటూ పోయి, జార్జియా రాష్ట్రంలో ఒక వృద్ధ వితంతువు తలుపు తట్టారు. ఆవిడ ఆ వెతుకులాటలు తనవేనంది. ఏ.ఓ.ఎల్. ముఖ్య సాంకేతికాధికారిణి రాజీనామా చేసింది.

ఇక్కడ మనం, సాహిత్య విద్యార్థులం, ఆగి చూడవలసిన విషయం ఒకటుంది. ఆ వృద్ధురాలి జాబితాలో జబ్బుల పేర్లు చాలా వున్నాయి. చదివినవాడు ఏమనుకుంటాడు? ఈవిడకు వొంట్లో బాగాలేదు, చేతులు వణుకుతున్నాయి, మనసు కుంగింది అనుకుంటాడు. వాస్తవం ఏమంటే వాటిల్లో చాలా భాగం స్నేహితురాళ్ల జబ్బులు. వాళ్ల కోసం ఈవిడ వెతికిపెట్టింది. అంటే ఆ జాబితా ఒక పాఠమే గాని కర్త ఉద్దేశం లేని పాఠం. సందర్భం లేదు, సంబోధన లేదు, ‘నేను’ ఎవరో తెలియదు. మనం తరగతి గదిలో కథలోని ‘నేను’ను రచయితగా పొరబడవద్దని పిల్లలకు చెబుతాం. యంత్రం, దాన్ని నడిపే కంపెనీ, దాన్ని అడిగే పోలీసు ఆ పొరపాటే చేస్తారు, ఆ పొరపాటు మీద నిర్ణయాలు తీసుకుంటారు. దాగిన నిజం బయటపడటం ఒక్కటే ప్రమాదం కాదు. లేని నిజం కల్పించబడటం అంతకంటె పెద్ద ప్రమాదం.

2009లో ఇద్దరు డచ్ కళాకారులు ఆ జాబితాలోని ఇంకొక స్త్రీ వెతుకులాటలను తీసుకుని ‘ఐ లవ్ అలాస్కా’ అనే చిత్రం తీశారు. ఆమె కొట్టిన ప్రశ్నలను వరసగా గొంతుతో చదివిస్తారు. తెర మీద అలాస్కా దృశ్యాలు మాత్రం వుంటాయి. దాంపత్యం, ఒంటరితనం, వ్యామోహం, పశ్చాత్తాపం అన్నీ ఆ ప్రశ్నల్లోనే పలుకుతాయి. కళగా అది బలమైనదే. నాకు మాత్రం దాన్ని ఒప్పుకోవటానికి మనసు రాదు. ఆమె తన కథ ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా యంత్రాన్ని అడిగింది. వాస్తవికత పేరుతో బతికున్న మనిషి అంతరంగాన్ని అనుమతి లేకుండా ఎత్తుకునే హక్కు రచయితకు ఎక్కడిదన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. మనం దానికి ఎప్పుడూ తీరిగ్గా జవాబు చెప్పలేదు.

ఇంత మాట అనే అర్హత నాకుందా అని అడిగితే, లేదు. నాలుగేళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఆన్‌లైన్ పాఠం కోసమని ఇంట్లోవాళ్ల ఫోను తీసుకుని, తన శరీరంలో వస్తున్న మార్పు గురించి తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతికింది. అన్నయ్య హిస్టరీ తెరిచి చూశాడు. తండ్రి ఫోను పట్టుకుని బడికొచ్చాడు. ‘సార్, మీరే చూడండి, ఏం చదువులు నేర్పుతున్నారో’ అన్నాడు. నలుగురు ఉపాధ్యాయులం ఆ ఫోను చేతులు మార్చుకుంటూ చూశాం. నేనూ చదివాను. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడి వుంది. ఆ ప్రశ్న అడగటానికి ఆ పిల్లకు అమ్మ దగ్గర గాని మా దగ్గర గాని చోటు దొరకలేదన్న సంగతి అప్పుడు మాలో ఒక్కరికీ తట్టలేదు.

మన భాషలో దీనికి సరైన మాట లేకపోవటం కాకతాళీయం కాదు. ‘గోప్యత’ అంటే ఏదో దాచినట్టు ధ్వనిస్తుంది. అచ్చతెలుగు మాట ‘గుట్టు’. కాని ‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అన్నప్పుడు ఆ గుట్టు ఇంటిది, మనిషిది కాదు. ఇంటి గుట్టు కాపాడటం కోసం ఇంట్లోని ఆడపిల్లకు గుట్టు లేకుండా చేయటం మన భూస్వామ్య కుటుంబ నీతి. అమెరికాలో ఈ హక్కు మీద చర్చ రాజ్యానికీ వ్యక్తికీ మధ్య, కంపెనీకీ వ్యక్తికీ మధ్య నడిచింది. మన దగ్గర మూడో పక్షం వుంది, అది నట్టింట్లో వుంది. ఆ చర్చను యథాతథంగా దిగుమతి చేసుకుంటే ఈ పక్షం కనబడదు.

అందుకే వెతుకులాటలో జాగ్రత్తలు చెప్పేటప్పుడు ‘ఎవరి నుంచి’ అన్నది ముందు అడగాలి. 2008లో గూగుల్ క్రోమ్‌తో పాటు ‘ఇన్‌కాగ్నిటో’ అనే కిటికీ వచ్చింది. దానిలో వెతికింది ఆ ఫోనులో హిస్టరీగా మిగలదు. అన్నయ్యకు కనబడదు. ఆ రోజు ఆ పిల్లకు ఆ ఒక్క సంగతి తెలిసివుంటే చాలు. కాని అదే కిటికీ కంపెనీ నుంచి గాని కనెక్షన్ ఇచ్చేవాడి నుంచి గాని దాచదు. చాలామంది దాస్తుందనుకున్నారు. 2020లో అమెరికాలో దీని మీద దావా పడింది. 2024లో రాజీ షరతులు వెలువడినప్పుడు, ఆ కిటికీలో పోగైన కోట్లాది రికార్డులను ధ్వంసం చేయటానికి గూగుల్ ఒప్పుకుంది. అంటే పోగైనట్టేగదా! కంపెనీ నుంచి చాటు కావాలంటే వెతికినవాడి వివరాలు దాచుకోమని చెప్పే డక్‌డక్‌గో వంటివి 2008 నుంచీ వున్నాయి. ఖాతాలోకి లాగిన్ కాకుండా వెతకవచ్చు. లాగిన్ అయినచోట పాత హిస్టరీ తుడిచి, కొన్ని నెలలకు దానంతటదే తుడుచుకుపోయేట్టు పెట్టుకోవచ్చు. కనెక్షన్ ఇచ్చేవాడికి ప్రశ్న కనపడకుండా గూగుల్ తన దారిని సంకేతలిపిలోకి మార్చటం 2011లో మొదలయింది. ఏ చోటికి వెళ్లామన్నది మాత్రం వాడికి ఇప్పటికీ తెలుస్తుంది. దానికీ చాటు కావాలంటే టార్ వుంది. మూడు మజిలీల మీదుగా ప్రశ్నను తిప్పి, ఏ మజిలీకీ మొత్తం దారి తెలియకుండా చేసే ఏర్పాటు అది. దాని పుట్టుక అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో అంటే నమ్మబుద్ధి కాదు. తమ గూఢచారులు అందరిలో కలిసిపోవాలంటే ‘అందరూ’ కూడా దాన్ని వాడాలి గదా! వి.పి.ఎన్. అనే మరో చాటును కంపెనీలు డబ్బుకు అమ్ముతాయి. మన దేశంలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశాల ప్రకారం వాళ్లు ఖాతాదారుల వివరాలు అయిదేళ్లు దాచాలి. ఆ ఏడాదే కొన్ని కంపెనీలు తమ సర్వర్లను ఇక్కడి నుంచి ఎత్తేశాయి. చాటును అమ్మేవాణ్ణి నమ్మటం అంటే నిఘాదారుణ్ణి మార్చుకోవటమే కావచ్చునన్నది మరిచిపోరాదు.

2013 జూన్‌లో స్నోడెన్ బయటపెట్టిన పత్రాల తరువాత, కంపెనీల దగ్గర పోగైనది రాజ్యానికి ఎలా చేరుతుందో అనుమానానికి తావులేకుండా పోయింది. ఆ ఏడాదే పెన్ అమెరికన్ సెంటర్ తన దేశంలోని 520 మందికి పైగా రచయితలను అడిగితే, దాదాపు ఆరుగురిలో వొకరు ఏదో వొక విషయం మీద రాయటమో మాట్లాడటమో మానుకున్నామన్నారు. జోనథన్ పెన్నీ అనే న్యాయశాస్త్ర పరిశోధకుడు 2016లో వికీపీడియా లెక్కలు తీసి, ఉగ్రవాదంతో ముడిపడిన పేజీలు చూసేవాళ్ల సంఖ్య 2013 జూన్ తరువాత పడిపోయిందని చూపాడు. ఎవరూ నిషేధించలేదు. జనం తమంతట తామే అడగటం మానేశారు. నవల రాసేవాడు హత్య ఎలా జరుగుతుందో, విషం ఎలా పనిచేస్తుందో, తుపాకి ఎంత బరువుంటుందో వెతక్కుండా ఎలా రాస్తాడు?

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. 2020 ఆగస్టులో డెన్వర్ నగరంలో ఒక ఇంటికి నిప్పు పెట్టారు. సెనెగల్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో అయిదుగురు, పసిపిల్లలతో సహా, కాలిపోయారు. నెలలు గడిచినా ఆధారం దొరకలేదు. చివరకు పోలీసులు, ఆ ఇంటి చిరునామాను గత పదిహేను రోజుల్లో వెతికినవాళ్లెవరని గూగుల్‌కు వారంటు పంపారు. ముగ్గురు కుర్రాళ్లు పట్టుబడ్డారు. నిఘా చెడ్డదని ఒక్క మాటతో తోసేసేవాళ్లు ఆ అయిదుగురి ముందు నిలబడి ఆ మాట అనగలగాలి. నేను సులభంగా అనలేను. అయితే ఇలాంటి వారంటు అనుమానితుడి ఇల్లు సోదా చేయటం లాంటిది కాదు. వెతికిన అందరినీ జల్లెడ పట్టి అందులోంచి అనుమానితుణ్ణి తీయటం. 2023లో కొలరాడో సుప్రీంకోర్టు, పోలీసులు సదుద్దేశంతో నడుచుకున్నారన్న కారణం మీద ఆ సాక్ష్యాన్ని అనుమతిస్తూనే, వెతుకులాట చరిత్రలో మనిషికి రాజ్యాంగ రక్షణ వుందని కూడా అన్నది. విభేదించిన న్యాయమూర్తులు ఇది ముందుముందు ఎక్కడికి దారితీస్తుందోనన్నారు. ఈ కేసులో ఇంకో విషాదం వుంది. ఆ కుర్రాడు తన ఫోను ఎవరో దోచుకున్నారని, దాని జాడను వెతుక్కుంటూ ఆ ఇంటి దగ్గరికి చేరాడు. జాడ తప్పు. ఆ కుటుంబానికి ఆ ఫోనుతో సంబంధమే లేదు.

మన న్యాయస్థానాలు ఈ దారిలో నెమ్మదిగా నడిచాయి. 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో, అర్ధరాత్రి పోలీసులు ఇంటికొచ్చి తలుపు తట్టటం చెల్లదన్నారు గాని, ఆంతరంగికత ప్రాథమిక హక్కు కాదన్నారు. ఆ మాటను తుడిచివేయటానికి 2017 ఆగస్టు 24 దాకా పట్టింది. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కేనన్నారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2018 డిసెంబరు 20న, కంప్యూటర్లలోని సమాచారాన్ని చూసే అధికారం పది సంస్థలకు వుందని హోంశాఖ ఉత్తర్వు వెలువడింది. 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం వచ్చింది. కంపెనీలకు అందులో కొన్ని కట్టుబాట్లు పెట్టారు. 17వ సెక్షన్ కింద, తాను ప్రకటించిన రాజ్య సంస్థలను కేంద్రం మినహాయించుకోవచ్చు. 9వ సెక్షన్ పిల్లలను వెంటాడి ప్రకటనలు చూపరాదంటుంది. ఇది మంచిదే. కాని అదే సెక్షన్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలి. కంపెనీ నుంచి కాపాడటానికి ఆ పిల్లను మళ్లీ ఫోను పట్టుకుని బడికొచ్చిన తండ్రికే అప్పగించారు. చట్టం రాసినవాళ్లు దీన్ని వైరుధ్యంగా చూసినట్టు లేదు.

ఆ సంఘటన తరువాత నేను వేరే బడికి బదిలీ అయ్యాను. ఇక్కడ గ్రంథాలయం బాధ్యత నాది. పుస్తకం తిరిగొచ్చాక రిజిస్టరులో తీసుకెళ్లిన పిల్ల పేరు మీద సిరా పూసేస్తున్నాను. కిందటేడు తనిఖీకి వచ్చినవాళ్లు, పుస్తకాలన్నీ సరిగానే వున్నాయిగాని పేర్లు ఎందుకు కొట్టేశారో రాతపూర్వకంగా వివరణ ఇమ్మన్నారు. రెండుసార్లు రాయబోయి చించేశాను. ఆ కాయితం ఇంకా నా సొరుగులోనే వుంది.